కిసెరు, తబకోఇరె, నెత్సుకె: జపాను పాతకాలపు పొగ పరికరాలు, వాటి పనితనం

జపానులో 17వ శతాబ్దం మొదలు 20వ శతాబ్దం తొలి దశకాల దాకా పొగతాగడం చుట్టూ ఒక పెద్ద హస్తకళా ప్రపంచం అల్లుకుంది. పొగ పీల్చే సన్నని లోహపు గొట్టాన్ని కిసెరు అంటారు. పొగాకు దాచుకునే సంచి తబకోఇరె. ఇంట్లో నిప్పు, బూడిదగొట్టం, పొగాకు ఒకచోట అమర్చి పెట్టే పళ్లెం తబకోబొన్. సంచి తాడును నడికట్టు కిందుగా పైకి లాగి, జారిపోకుండా చివర కట్టే బొత్తాం లాంటి చెక్కడం నెత్సుకె. వీటిలో ప్రపంచానికి బాగా తెలిసింది నెత్సుకె ఒక్కటే. ఎలుకగానో కుందేలుగానో చెక్కిన ఆ బుల్లి బొమ్మను మ్యూజియం అద్దాల వెనక చూసి మురిసిపోయేవారిలో చాలామందికి అది ఒక సంచికి కట్టిన బిళ్ల అన్న సంగతి తట్టదు. నిజానికి ఈ వస్తువులు విడివిడిగా పుట్టలేదు. గొట్టం, దాని ఒర, సంచి, తాడు, పూస, బిళ్ల అన్నీ ఒకే జత. ఆరేడుగురు పనివాళ్లు ఒకే ఊహకు కట్టుబడి చేసిన జత. విడదీసి చూస్తే సగమే కనిపిస్తుంది.

పొగాకు రాక

పొగాకు 16వ శతాబ్దం చివర పోర్చుగీసు, స్పానిష్ ఓడలతో జపాను చేరింది. 1601లో ఫ్రాన్సిస్కన్ సన్యాసి జెరోనిమో దె జెసూస్ అప్పటి పాలకుడు తోకుగవా ఇయెయాసుకు పొగాకుతో చేసిన మందును, పొగాకు గింజలను కానుకగా పంపాడని చెబుతారు. మొదట మందుగా వచ్చింది కాస్తా ఎంతో కాలం గడవకముందే వీధుల్లోకి దిగింది. కబుకిమొనో అనే వీధి మూకలు విడ్డూరమైన వేషాలతో, పొడవాటి గొట్టాలు నడుముకు దోపుకొని తిరిగేవి. అల్లర్లకు తోడు కట్టెతో కట్టిన ఊళ్లలో అగ్నిభయం, వరి పండే నేలను పొగాకు ఆక్రమిస్తుందన్న బెంగ కలిసి, 1609 నుంచి షోగున్ అనే సైనిక పాలకుడి ప్రభుత్వం నిషేధం మీద నిషేధం విధించింది. ఒకే ఆజ్ఞను మళ్లీ మళ్లీ జారీ చేశారంటే జనం దాన్ని ఎంత ఖాతరు చేశారో తెలుస్తూనే ఉంది. 17వ శతాబ్దం గడిచేకొద్దీ పట్టు సడలింది. దొరలు, వర్తకులు, కూలీలు, ఆడవాళ్లు, మగవాళ్లు అందరూ పొగతాగే దేశంగా జపాను మారింది.

ఈ పరికరాల రూపాన్ని నిర్ణయించింది పొగాకును తరిగే తీరు. ఆకును వెంట్రుకలంత సన్నగా తరిగేవారు. దీన్ని కిజమి అంటారు. దాన్ని వేళ్లతో శనగగింజంత ఉండగా చేసి గొట్టం కొన మీది బుల్లి గిన్నెలో పెడితే రెండు మూడు దమ్ములకే అయిపోతుంది. బూడిద తట్టి పారేసి మళ్లీ నింపాలి, మళ్లీ అంటించాలి. మన చుట్ట తాగేవాడికి ఒకసారి అంటించుకుంటే చాలాసేపు దిగుల్లేదు. కిసెరు పట్టినవాడికి మాత్రం నిప్పు, పొగాకు, బూడిద పడేసే చోటు మూడూ చేతికందే దూరంలో ఎప్పుడూ ఉండాలి. అందుకే ఇంట్లో తబకోబొన్, బయట నడుముకు సంచి తప్పనిసరి అయ్యాయి. తొలినాటి గొట్టాలకు గిన్నె పెద్దది, మెడ వంపు తిరిగి పొడుగ్గా ఉండేది. పొగాకు తరుగు సన్నబడ్డకొద్దీ గిన్నె కూడా చిన్నదైపోయింది.

కిసెరు

కిసెరు అన్న మాట ఖ్మేర్ భాషలో గొట్టానికున్న పేరు నుంచి వచ్చిందని భాషావేత్తల్లో ఎక్కువమంది అభిప్రాయం. నడుమ ఉండే వెదురు ముక్కను రావో అంటారు. లావోస్ దేశపు మచ్చల వెదురు దిగుమతి చేసుకున్నందువల్ల ఆ పేరు నిలిచింది. ఆకు అమెరికా ఖండానిది, తెచ్చింది ఐరోపావాళ్లు, గొట్టం పేరు కంబోడియాది, వెదురు పేరు లావోస్‌ది. పనితనం మాత్రం పూర్తిగా జపానుదే.

మామూలు కిసెరుకు మూడు భాగాలు. నిప్పుగిన్నె ఉన్న తల భాగం గన్కుబి, నోట పెట్టుకునే కొన సుయికుచి, రెంటినీ కలిపే వెదురు రావో. రెండు కొనలూ ఇత్తడి, రాగి, వెండి లాంటి లోహం. లోహపు భాగాలు పోతపోసినవి కావు. రేకును కత్తిరించి, ఇనుప కడ్డీ మీద చుట్టి, సుత్తితో కొట్టి గొట్టంగా మలిచి, అంచులను టంకంతో అతుకుతారు. గిన్నెను విడిగా తయారుచేసి మెడకు అతికిస్తారు. అతుకు ఎక్కడుందో వేలికి తగలకూడదు. లోపలి దారి ఎక్కడా ఇరుకు కాకుండా, నోటి దగ్గరికి వచ్చేసరికి పొగ చల్లబడేలా ఉండాలి. మంచి గొట్టాన్ని చూడగానే మెచ్చుకోవలసింది చెక్కిన బొమ్మలను కాదు, భుజం దగ్గర లోహం సన్నబడే ఆ వంపును. నగిషీ ఒక్కటీ లేని పాత వెండి కిసెరు కొన్నిసార్లు నిండా చెక్కిన దానికన్నా గొప్పగా ఉంటుంది.

వెదురు లేకుండా మొత్తం లోహంతోనే చేసినదాన్ని నొబె అంటారు. ఎద మడతలో పెట్టుకోవడానికి వీలుగా పలుచగా, చదునుగా చేసిన రకానికి నతమమె అని పేరు. పెద్ద చిక్కుడుకాయను పోలి ఉంటుంది. వేశ్యావాటికల్లో సుందరాంగుల చేతిలో ఉండే గొట్టాలు మహా పొడుగు. ఇనుముతో బరువుగా చేసిన గొట్టాలను పోట్లాటలో ఆయుధంగా కూడా వాడేవారు. కబుకి అనే సంప్రదాయ నాటక రంగస్థలం మీద ఈ తేడాలే పాత్రల గుణాన్ని చెబుతాయి. 1778లో ఒసాకాలో మొదటిసారి ఆడిన నాటకంలో గజదొంగ ఇషికవా గొఎమొన్ నన్‌జెన్‌జి ఆలయ ద్వారం మీద కూర్చుని వసంతాన్ని చూస్తూ చేత పట్టేది ఒక బ్రహ్మాండమైన కిసెరు. 1713 నాటి సుకెరొకు నాటకంలోనైతే వేశ్యలందరూ తాము ముట్టించిన గొట్టాలను నాయకుడికే ఇచ్చేస్తారు. ముసలి ప్రతినాయకుడికి ఒక్కటీ మిగలదు. అప్పుడు సుకెరొకు ఒక గొట్టాన్ని కాలి వేళ్ల మధ్య ఇరికించి అతనికి అందిస్తాడు. గొట్టం ముట్టించి ఇవ్వడమంటే మనసు ఇవ్వడమని తెలిసిన ప్రేక్షకులకు ఆ అవమానం ఎంతటిదో విడమరచి చెప్పనక్కర్లేదు.

వెదురులో పొగ జిడ్డు పట్టి దారి మూసుకుపోతే కాగితాన్ని పురిపెట్టి తోసి శుభ్రం చేసుకునేవారు. అదీ పనిచేయకపోతే రావోయా రావాల్సిందే. మన ఊళ్లలో పాత్రలకు కళాయి వేసేవాళ్లు తిరిగినట్టు, పాత వెదురు తీసి కొత్తది బిగించే ఈ పనివాళ్లు వీధివీధికీ తిరిగేవారు. మెయిజీ కాలం (1868–1912) వచ్చాక వాళ్ల బండి మీద చిన్న బాయిలరు వచ్చింది. ఆవిరితో గొట్టాన్ని కడిగేవారు, ఆ ఆవిరి ఈలే వాళ్లొచ్చారన్న కబురు. గొట్టాలు పోయినా మాట పోలేదు. ఎక్కే స్టేషను దగ్గర కొంత దూరానికి, దిగే స్టేషను దగ్గర కొంత దూరానికి మాత్రమే టికెట్టు కొని మధ్య దూరాన్ని ఎగవేసే రైలు ప్రయాణాన్ని జపానువాళ్లు కిసెరు ప్రయాణం అంటారు. రెండు కొనలకే లోహం, నడుమ వట్టి వెదురు కదా.

తబకోబొన్

ఈ పళ్లెం సుగంధ ధూపపు పళ్లెం నుంచి పుట్టిందంటారు. ఇందులో హిఇరె అనే పింగాణీ లేదా మట్టి గిన్నె, దానిలో మెత్తటి బూడిద మధ్య ఒక నిప్పుకణిక ఉంటాయి. పక్కన బూడిద దులపడానికి పచ్చి వెదురుతో చేసిన గొట్టం. పిడి ఉన్నవి, సొరుగులు ఉన్నవి, చిన్న బీరువాలా కట్టినవి, బంగారు పొడి చల్లి లక్కపూతతో బొమ్మలు దిద్దినవి ఎన్నో రకాలు. ఈ లక్క మన ఏటికొప్పాక బొమ్మల మీది లక్క లాంటిది కాదు. మనది పురుగు ఇచ్చేది, వాళ్లది ఉరుషి అనే చెట్టు పాలు. ఆ పూత ఎండలో ఆరదు, తేమ ఉన్న పెట్టెలో గట్టిపడుతుంది. పలుచని పొర మీద పొర వేసి, ఒక్కోదాన్ని సానబట్టాలి కాబట్టి ఒక పళ్లేనికి నెలలు పడుతుంది.

పొగ మానేసినా ఈ పళ్లెం మాత్రం ఒకచోట బతికే ఉంది. తేనీటి సేవలో అతిథులు ఎదురుచూసే చోట తబకోబొన్ ఇప్పటికీ పెడతారు. ఎవరూ ముట్టించరు. బూడిదను మాత్రం ఆతిథేయి పద్ధతిగా గీతలు గీసి తీర్చిదిద్దుతుంది, నిప్పుకణికను సరైన చోట నిలుపుతుంది. వచ్చినవారిని సేదదీరమని చెప్పే తీరు అది.

సంచి

నా దృష్టిలో ఈ కళ అంతటికీ గుండెకాయ తబకోఇరె. జపాను సంప్రదాయ దుస్తులకు జేబులు లేవు. వస్తువును ఎక్కడ పెట్టుకోవాలన్న చిక్కుకు దొరికిన జవాబులే సంచిలో రకాలు. గొట్టపు ఒరను రొండిన దోపుకుంటే సంచి బయట వేలాడేది కొషిసషి. నెత్సుకె ఊతంతో నడికట్టుకు వేలాడేది సగె. ఎద మడతలో దాచుకునేది కైచూ. ఆడవాళ్లు ఎక్కువగా ఇదే వాడేవారు. రెండు బుల్లి సంచులను గొలుసుతో కలిపి, ఒకటి ఈ చేతి దోపులోకి, ఇంకొకటి ఆ చేతి దోపులోకి జార్చుకునేది తమొతొఒతొషి. చేపలు పట్టేవాళ్లు, అడవిలో పనిచేసేవాళ్లు మాత్రం చెక్కను తొలిచి మూత పెట్టిన తొంకొత్సు వాడేవారు. వానకు తడవదు, పడినా పగలదు. జానపద కళను ప్రేమించేవారు దాన్నే ఎక్కువ ఇష్టపడతారు.

సంచికి వాడిన పదార్థాలను చూస్తే అప్పటి సముద్ర వ్యాపారం కళ్లకు కడుతుంది. దేశం తలుపులు మూసుకున్న కాలమది. 1641 తరవాత ఐరోపావాళ్లలో ఒక్క డచ్చివారినే, అదీ నాగసాకి రేవులో దెజిమా అనే చిన్న దీవి వరకే ఉండనిచ్చారు. ఆ సందులోంచి వచ్చిన ప్రతి వింత సరుకూ అపురూపమే. ఐరోపా గోడలకు అతికే పూతబంగారు తోలును కింకరకవా అని పిలిచి, చిన్న ముక్కలుగా కోసి సంచులు కుట్టేవారు. అది దొరకనివారి కోసం 18వ శతాబ్దంలో హిరగా గెన్నయ్ దాన్ని కాగితంతో అనుకరించాడు. ఆ కాగితమే మెయిజీ కాలంలో గోడకాగితంగా ఐరోపాకు ఎదురు ప్రయాణం చేసింది.

ఇక్కడే తెలుగు నేలతో ఒక నిజమైన ముడి ఉంది. జపానువాళ్లు సరస అని పిలిచే అద్దకపు బట్టలో పెద్ద భాగం కోరమాండల్ తీరానిది. డచ్చివారు 1605, 1606 ప్రాంతాల్లో మచిలీపట్నంలోను, నిజాంపట్నంలోను వర్తకస్థానాలు పెట్టుకున్నారు. అక్కడి చిరివేరు ఇచ్చే ఎరుపు ఎంత ఉతికినా పోదు. కలంతో రేఖ దిద్ది, మైనంతో కాపు వేసి, రంగుల్లో ముంచి తీసిన ఈ తీరపు బట్టలు ఓడలెక్కి బటేవియా (నేటి జకార్తా) మీదుగా నాగసాకి చేరేవి. మన దగ్గర మూరల లెక్కన పోయిన బట్టను అక్కడ వేలెడు ముక్క కూడా పారేయకుండా దాచుకున్నారు. తేనీటి పాత్రల గలేబులకు, పొగాకు సంచులకు వాడారు. 1778లో ఆ బట్టల మాదిరులతో ఏకంగా ఒక పుస్తకమే వేశారు. చారల బట్టకు సంతోమె అన్న పేరు మద్రాసు పక్కనున్న శాంథోమ్ రేవు నుంచి వచ్చింది. జింకతోలు మీద లక్కతో చుక్కలు, తూనీగలు తీర్చే ఇన్దెన్ పనికి కూడా పేరులో ఇండియానే ఉందని అంటారు. కోఫు పట్టణంలో ఆ పని నేటికీ నడుస్తోంది. సంచి వెనక ఒక కలంకారీ పనివాడి చేయి ఉండే అవకాశం ఉందని తెలిశాక మ్యూజియంలో ఆ ఎర్రటి పూలను మామూలు కంటితో చూడలేం.

ఇంత పనికీ సూత్రధారి సంచుల వర్తకుడు. బట్ట ఎంచడం, కుట్టేవాడికి, లోహకారుడికి, చెక్కేవాడికి పని పంచడం, చివర జత కుదర్చడం అతనివంతు. రచయిత సంతో క్యోదెన్ పరిహాస కథలు రాసినందుకు 1791లో యాభై రోజులు చేతులకు బేడీలతో ఇంట్లో ఉండవలసి వచ్చింది. రెండేళ్లకు, 1793లో, ఎదో (నేటి తోక్యో) నగరంలోని క్యోబషిలో గొట్టాలు, పొగాకు సంచుల దుకాణం తెరిచాడు. తానే నమూనాలు గీసి కాగితపు సంచులు చేయించాడు. బొమ్మల పొడుపుకథల రూపంలో ప్రకటనలు అచ్చువేసి పంచాడు. జనం పొడుపు విప్పుకుంటూ కొట్టుకు వచ్చేవారు.

సంచి మూతకు ముందు ఒక లోహపు కొక్కెం ఉంటుంది. అది అందరికీ కనిపించే అలంకారం. మూత ఎత్తితే లోపలివైపు దానికి ఆనుకొని ఇంకో చిన్న రేకు ఉంటుంది. దాన్ని సంచి యజమాని తప్ప ఎవరూ చూడరు. ముందు కొక్కెం మీద పులి ఉంటే లోపలి రేకు మీద వెదురాకులు, ముందు వేటగాడుంటే లోపల చంద్రుడు. ఆడంబరం మీద ప్రభుత్వం ఆంక్షలు పెట్టిన కాలంలో, పైకి సాదాగా ఉండి లోపల సొగసు దాచుకోవడం ఎదో వర్తకుల అభిరుచిగా స్థిరపడింది. ఈ కళలో నన్ను అన్నిటికంటే కదిలించేది ఆ దాచిన రేకే.

కత్తిపోయి గొట్టం వచ్చె

1876లో మెయిజీ ప్రభుత్వం సమురాయ్‌లు కత్తులు ధరించడాన్ని నిషేధించింది. కత్తి పిడులకు, ఒరలకు అలంకారాలు చేసే కుటుంబాలు తరతరాల విద్య చేతిలో ఉండగా పని లేక నిలిచిపోయాయి. వారిలో చాలామంది పొగాకు సంచుల కొక్కేలు, గొట్టాల కొనలు చేయడానికి దిగారు. ఈ వస్తువుల్లో అత్యుత్తమమైన లోహపు పని ఆ తరవాతి మూడు నాలుగు దశాబ్దాలదే కావడానికి కారణం ఇది. కనో నత్సువో (1828–1898) వారిలో శిఖరం లాంటివాడు. కత్తుల పనితో మొదలై, మెయిజీ కొత్త నాణేలకు నమూనాలు చెక్కి, తోక్యో లలితకళల పాఠశాలలో ఆచార్యుడై, 1890లో రాచకుటుంబపు ఆస్థాన కళాకారుల తొలి జాబితాలో చోటు పొందాడు. అతని ఉలి ఒక్క గీతతో, ఒక వైపు లోతుగా ఇంకో వైపు పైపైన కోస్తూ, కుంచె విసురును లోహంలోకి దింపేది.

వీరి చేతిలో రంగులపెట్టె లోహమే. రాగిలో నూటికి మూడు నుంచి ఐదు పాళ్ల బంగారం కలిపితే వచ్చేది షకుదో. రాగికి నాలుగో వంతు వెండి చేర్చింది షిబుఇచి. ఆ మాటకు అర్థమే నాలుగో వంతు. పోతలో ఇవి రాగిలాగే కనిపిస్తాయి. ముల్లంగి తురుము రసంలో ముంచి, రాగి లవణాల నీటిలో ఉడికిస్తే షకుదో కాకిరెక్కలాంటి నీలినలుపుకు, షిబుఇచి పొగమంచు బూడిదకు తిరుగుతాయి. వాటి మధ్య పొదిగిన బంగారం మాత్రం మారదు. హైదరాబాదులో బిద్రీ పని చూసినవారికి ఈ మాయ అర్థమవుతుంది. అక్కడా కోటమట్టి పూయగానే మూల లోహం నల్లబడి వెండి తెల్లగా మెరుస్తుంది, అక్కడా గొప్ప పనితనమంతా హుక్కా బుడ్డి మీదే పోగుపడింది.

ఒర, పూస, బిళ్ల

గొట్టాన్ని దాచే ఒరను కిసెరుజుత్సు అంటారు. దుప్పికొమ్ము, దంతం, వెదురు, లక్క వేసిన చెక్క, అల్లిన పేము ఇందుకు వాడేవారు. ఒకదానిలో ఒకటి ఒదిగే రెండు ముక్కల ఒర మూత గాలి చొరబడనంత బిగువుగా, అయినా మెత్తగా జారాలి. తోక్యోలోని అసకుసాలో ఉండే ఒజకి కొకుసయ్ దుప్పికొమ్ముతో చేసిన ఒరల్లో కొమ్ము సహజమైన వంపునూ సందులనూ బొమ్మలో కలుపుకొనేవాడు. షిబతా జెషిన్ (1807–1891) లక్కతో ఇనుపతుప్పును, పాత కంచును అచ్చం అలాగే దింపేవాడు. చేతికి తీసుకుంటే తప్ప అది ఇనుము కాదని తెలియదు.

తాడు మీద జారుతూ సంచి నోరు బిగించే పూస ఒజిమె. నెత్సుకె సంగతి ఎన్నో పుస్తకాల్లో ఉంది కనుక ఇక్కడ పొగతో నేరుగా సంబంధమున్న ఒక రకమే చెప్పాలి. లోహపు గిన్నెలా ఉండే బూడిద నెత్సుకె అది. దారిలో పొగతాగేవాడు నిప్పున్న బూడిదను అందులోకి తట్టి, కొత్తగా నింపిన పొగాకును ఆ నిప్పుతోనే అంటించుకునేవాడు. బిళ్లా అదే, కుంపటీ అదే. 1781లో ఒసాకాలో ఇనబా త్సూర్యూ వేసిన ఏడు సంపుటాల సోకెన్ కిషో అనే గ్రంథం కత్తి అలంకారాల గురించే అయినా, చివరి సంపుటంలో యాభైమందికి పైగా నెత్సుకె చెక్కేవారిని పేర్కొంది. కత్తికీ నడుముకు వేలాడే వస్తువులకూ చుట్టరికం అప్పటికే ఒప్పుకున్నదన్నమాట.

క్షీణత, చెల్లాచెదురు

సిగరెట్టు వచ్చింది, అగ్గిపుల్ల వచ్చింది, జేబులున్న కోటు వచ్చింది. 1904లో రష్యాతో యుద్ధం జరుగుతుండగా పొగాకు తయారీ మొత్తాన్ని ప్రభుత్వం తన గుత్తాధిపత్యం కిందికి తెచ్చుకుంది. కొద్ది దశాబ్దాల్లో సిగరెట్టు కిజమిని దాటిపోయింది. గొట్టాలకు పేరుమోసిన నీగతా ప్రాంతపు త్సుబమె పట్టణం అదే సుత్తి, అదే మెరుగుపనితో చెంచాలు, ఫోర్కుల వైపు మళ్లింది. ఇప్పుడది జపానులో ఆ సామానుకు రాజధాని. కిసెరు చేసే చేతులు వేళ్ల మీద లెక్కించేన్ని మిగిలాయి.

వాడకం పోయిన వస్తువులు పాశ్చాత్యుల సేకరణల్లోకి వెళ్లాయి. నెత్సుకెకు మంచి ధర పలికింది గనక తాళ్లు కోసి దాన్ని వేరుచేసి అమ్మారు. సంచులు, ఒరలు దిక్కులేకుండా పోయాయి. ఎడ్మండ్ డి వాల్ 2010లో రాసిన కుటుంబ చరిత్రతో పేరుపొందిన 264 నెత్సుకెల సేకరణ కూడా 1870ల పారిస్‌లో సంచులు లేకుండా కొన్న బొమ్మలదే. ఇది నిజంగా నష్టం. పద్యంలో ఒక్క పాదం చింపి దాచుకుని మిగతాది పారేసినట్టయింది. కొన్ని జతలు చెక్కుచెదరకుండా మిగలడం అదృష్టం. తోక్యోలో 1978లో షిబుయాలో తెరిచి, 2015లో సుమిదాకు మారిన పొగాకు, ఉప్పు మ్యూజియం వాటిని జతలుగానే చూపిస్తుంది. 1990 నుంచి దంతపు అంతర్జాతీయ వ్యాపారం మీద నిషేధం అమల్లో ఉంది కాబట్టి, పాతదని చెప్పి అమ్మే దంతపు వస్తువును కొనాలనుకునేవారు చట్టం తెలుసుకోవడం అవసరం.

ఏ మ్యూజియంలోనైనా నెత్సుకె కనిపిస్తే ముందువైపు బొమ్మ చూసి వెళ్లిపోకండి. వీలైతే కింది నుంచో వెనక నుంచో చూడండి. రెండు చిన్న రంధ్రాలుంటాయి, చాలావాటిలో ఒకటి రెండోదానికన్నా కాస్త పెద్దది. తాడు ముడి కనబడకుండా లోపల ఇమడడానికే దాన్ని పెద్దగా తొలిచారు.